కాగితం మీద కొడుకు

స్టుట్‌గార్ట్,
14 అక్టోబరు 2001

మామకు,

ఆదివారం బూత్‌కు ఫోన్ చేస్తే నీతో మాట్లాడిందెంత, నువ్వే చెప్పు. అమ్మ నీ పక్కనే ఉంది, సుప్రియ రిసీవర్ లాక్కుంది, వెనకాల ఇంకో ఇద్దరు తమ వంతు కోసం నిలబడ్డారంట. మొగుడూ పెళ్ళాల మాటలు ఊరంతా వినే పనైతే నాకు వద్దు. అసలు సంగతులు ఉత్తరంలోనే రాస్తాను. నువ్వూ అట్లే రాయి.

వచ్చి రెండు నెలలైంది. పాస్‌పోర్టులో అంటించిన అనుమతి కాగితాన్ని రోజుకొకసారి తీసి చూసుకుంటున్నాను. కంప్యూటర్ పని తెలిసిన బయటిదేశం వాళ్ళ కోసమని వీళ్ళు పోయినేడు మొదలుపెట్టిన గ్రీన్ కార్డు ఇది. ఐదేళ్ళు ఉండవచ్చు. ఆ ఐదేళ్ళూ చేతిలో ఉద్యోగం ఉండాలి, వాళ్ళకు చెప్పిన ప్రతి మాటా నిజమై ఉండాలి. రెండింట్లో ఏది తప్పినా పెట్టె సర్దుకోవాల్సిందే. భర్త, పిల్లలు రావచ్చు. అయితే నువ్వు వచ్చాక మొదటి ఏడాది పని చేయకూడదంట. పుంగనూరు చుట్టుపక్కల కాలిపోయిన బోరు మోటార్లన్నిటికీ తీగ చుట్టే మనిషివి, ఏడాది పాటు చేతులు కట్టుకొని ఎట్లా కూర్చుంటావో అని నాకు ఇప్పటినుంచే దిగులు.

ఇంకో సంగతి. మొన్న ఆఫీసులో భోజనాల దగ్గర మన పెళ్ళి ఫోటో చూపించాను. ఇద్దరికీ ఎట్లా పరిచయమని అడిగారు. మా అమ్మకు సొంత తమ్ముడు, నేను పుట్టినప్పటినుంచీ తెలుసు అన్నాను. మన దగ్గర ఆ మాట చెబితే, అదృష్టవంతురాలివి, అత్తపోరు లేదు అంటారు. ఇక్కడ నలుగురూ ఫోర్కులు కింద పెట్టేశారు. ఒకామె, "మీ ప్రభుత్వం దీన్ని ఒప్పుకుంటుందా?" అని అడిగింది. నేను గ్లాసు తీసి నీళ్ళు తాగాను. ఆ తర్వాత ఎవరడిగినా, దగ్గర దగ్గర ఊళ్ళవాళ్ళం అని చెప్పి ఊరుకుంటున్నాను. ఎందుకట్లా అంటున్నానో నాకే తెలియడం లేదు.

నువ్వు కాగితాలు తొందరగా సిద్ధం చెయ్యి. పెళ్ళి సర్టిఫికెట్, సుప్రియ పుట్టిన సర్టిఫికెట్, నీ తల్లిదండ్రుల పేర్లున్న కాగితం. అన్నీ చెన్నైలో జర్మన్ కాన్సులేట్‌లో ఇవ్వాలి. డిసెంబరులో సుప్రియకు ఐదేళ్ళు నిండుతాయి. ఈ పుట్టినరోజు ఎట్లాగూ పోయింది. వచ్చే పుట్టినరోజుకు కూడా అది నా దగ్గర లేకపోతే నేను ఇక్కడ ఉండలేను మామా, ఇది మాత్రం నిజం.

సుష్మ


పుంగనూరు,
30 అక్టోబరు 2001

సుష్మా,

నీ ఉత్తరం అందింది. ఏం రాసిందని అక్క అడిగితే, ఆడ చలి ఎక్కువంట అని చెప్పాను. తక్కినది ఆమెకు చదివి వినిపించే సరుకా?

దగ్గర దగ్గర ఊళ్ళవాళ్ళం. బాగుందమ్మా. నువ్వు పుట్టినప్పుడు నాకు ఆరేళ్ళు. నీ ఉయ్యాల ఊపమని అక్క చెబితే, ఆట మానుకొని ఊపినవాడిని. నీ చీమిడి ముక్కు నా చొక్కాకే తుడిచినవాడిని. ఇప్పుడు దగ్గర ఊరివాడినైనాను. నాకు కోపమేమీ లేదులే. ఉంది, కొంచెం ఉంది. నలుగురు తెల్లోళ్ళు తిండి ఆపినారని నువ్వు మొగుడి చుట్టరికం దాచిపెడితివి. ఈ ముక్క నాలుగుసార్లు చదువుకున్నాను. నాలుగోసారికి అనిపించింది, పాపం, ఒంటరిగా ఉండాది, నా వల్ల దానికి తలవంపు కదా అని.

పెళ్ళి సర్టిఫికెట్ తీసుకున్నాను. సుప్రియది మున్సిపాలిటీలో ఉంది, రేపో మాపో ఇస్తారు. నా సంగతే కష్టం. ఇంట్లో పుట్టినవాడికి సర్టిఫికెట్ యాడ వస్తుంది? బెంగళూరులో రామచంద్ర అని ఒకాయన ఉన్నాడంట, విదేశాల కాగితాల పనులే చేస్తాడంట. గంగవరం వాళ్ళ పిల్లోడిని కెనడా పంపింది ఆయనే. సోమవారం పోయి కలుస్తాను. నువ్వు నిశ్చింతగా ఉండు. నీ అనుమతికి నా వల్ల మచ్చ రాకుండా చూసే పూచీ నాది. నీకు సిగ్గు తెచ్చే మాట నా కాగితంలో ఒక్కటీ ఉండదు.

సుప్రియ బడిలో అయ్యవారమ్మ మీ అమ్మ యాడుండాది అంటే, "కంప్యూటర్‌లో ఉండాది" అనిందంట. అక్క నవ్వి నవ్వి, లోపలికి పోయి కళ్ళు తుడుచుకునింది.

మామ


స్టుట్‌గార్ట్,
18 నవంబరు 2001

మామకు,

సిగ్గు అనే మాట నేను రాయలేదు. నా ఉత్తరం మళ్ళీ తీసి చదువు, యాడైనా ఉందేమో చూపించు. నువ్వే పుట్టించుకొని, నువ్వే బాధపడి, చివరికి నా మీద జాలి కూడా పడ్డావు. నీకు చిన్నప్పటినుంచీ ఇదే జబ్బు. అడగకుండానే త్యాగం చేస్తావు, ఆ తర్వాత మూడు రోజులు మూతి ముడుచుకొని తిరుగుతావు.

నేనేం చేశానో విను. ఇక్కడ విదేశీయుల అనుమతులు చూసే ఆఫీసుకు మొన్న బుధవారం నేనే పోయాను. మీరిద్దరూ రావడానికి నా వైపు నుంచి కొన్ని కాగితాలు ఇవ్వాలి. అక్కడి ఆఫీసరమ్మ పెద్దావిడ, కళ్ళజోడు తాడుతో మెడలో వేలాడుతుంటుంది. ఫారం నింపుతూ, పెళ్ళికి ముందు మీ ఇద్దరికీ బంధుత్వం ఉందా అని అడిగింది. ఒక్క నిమిషం నాకు ఆ ఫోర్కులే గుర్తొచ్చాయి. నీ ఉత్తరమూ గుర్తొచ్చింది. దగ్గర ఊరివాడినైనాను అని నువ్వు రాసిన మాట. అంతే, ఉంది అని చెప్పాను. మా అమ్మకు తోడబుట్టిన తమ్ముడు, మా వైపు అది మర్యాదైన సంబంధం, పెద్దలు కుదిర్చి నలుగురి ముందర చేసిన పెళ్ళి అని చెప్పాను. ఆమె కళ్ళజోడు పెట్టుకుంది. లోపలికి పోయి ఒక లావు పుస్తకం తెచ్చి చూసుకొని, "మా చట్టంలో దీనికి అడ్డు లేదు," అంది. అట్లాగే రాసుకుంది. నా చేత సంతకం పెట్టించింది.

బయటికి వచ్చి ట్రామ్ కోసం నిలబడి ఏడ్చాను. సంతోషంతోనే. నెల రోజులుగా గుండెల్లో ఉన్న బరువు దిగింది. కాబట్టి నువ్వు కూడా ఉన్నది ఉన్నట్టు రాయి. ఏజెంటూ గీజెంటూ మనకు వద్దు. నీ పుట్టుక గురించి అమ్మ చేతనే నోటరీ కాగితం రాయించు. అవ్వాతాతా లేరు, నిన్ను పెంచింది ఆమే కదా.

సుష్మ


పుంగనూరు,
27 నవంబరు 2001

సుష్మా,

పని అయిపోయింది. నిన్న చెన్నై పోయి కాన్సులేట్‌లో అన్నీ ఇచ్చేసి వచ్చాను. నీ దగ్గరనుంచి ఉత్తరం రాలేదు గానీ, ఇంక ఆగితే ఆలస్యమవుతుందని రామచంద్ర తొందర చేశాడు.

ఎట్లా అయిందో చెబుతాను. ఆయన నా పదో తరగతి సర్టిఫికెట్ తీసి చూశాడు. అందులో తండ్రి పేరు హనుమంతప్ప అని ఉంటుంది, నీకు తెలుసు గదా. గుడుపల్లెలో పెద్దనాన్న ఇంట్లో ఉండి కుప్పం హైస్కూల్లో ఐదేళ్ళు చదివితిని. చేర్పించింది పెద్దనాన్న కాబట్టి అయ్యవారు ఆయన పేరే తండ్రి పేరుగా ఎక్కించేశాడు. మన పక్క ఎంతమందికి అట్లా లేదు? పాస్‌పోర్టులోనూ అదే దిగింది. పోయినేడు దాన్ని చూసి నువ్వూ నేనూ నవ్వుకున్నాం.

రామచంద్ర నవ్వలేదు. "ఏమప్పా మునిరాజా, నువ్వు ఎప్పుడో హనుమంతప్ప కొడుకువి. తల్లి పేరు ఆయన పెండ్లాం పేరు రాసేస్తే అయిపాయ. చెంగమ్మ నీకు అక్క కాదు, ఆ పాప నీకు మేనకోడలు కాదు. ఆ దేశంలో మేనకోడల్ని చేసుకునేది నేరం. నిజం రాస్తే నీకు వీసా రాదు సరిగదా, ఆయమ్మకు ఉండే కార్డు కూడా పీకేస్తారు," అన్నాడు. నీ భోజనాల సంగతి గుర్తొచ్చింది. ఆయన చెప్పేది నిజమే అనిపించింది.

పెద్దమ్మ కెంపమ్మను కుప్పం తీసుకుపోయాను. పెద్దనాన్న పోయినప్పటినుంచి ఒంటరిగానే ఉంది గదా. మునిరాజ నా కడుపున పుట్టిన బిడ్డ అని అక్కడి నోటరీ కాగితం రాసినాడు. ఆమెకు విషయమంతా చెప్పాను, దాచలేదు. వేలిముద్ర వేసే ముందు, "నేను వానికి అమ్మనని రాసినావా? ఏదీ, ఇంగోతూరి సదువప్పా," అంది. ఆయన చదివాడు. మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాడు. కొంగు ముడి విప్పి ఆయన బల్ల మీద పిడికెడు పచ్చి శెనక్కాయలు పెట్టింది. ఆమె ముఖంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు.

పెళ్ళికి ముందు బంధుత్వం అనే చోట ఏమీ లేదని రాశాను. ఇప్పుడు నువ్వు నాకు పెళ్ళానివి తప్ప ఇంకేమీ కావు. ఆఫీసులో ధైర్యంగా చెప్పుకో.

మామ


స్టుట్‌గార్ట్,
10 డిసెంబరు 2001

మామా,

నీ ఉత్తరం ఈ పొద్దు వచ్చింది. చదివిన వెంటనే ఆఫీసులోనే కూర్చొని ఇది రాస్తున్నాను. నా ఉత్తరం ఈపాటికి నీకు అంది ఉంటుంది. అది నీకు, ఇది నాకు దారిలో ఎదురెదురుగా పోయినట్టున్నాయి.

నేను వాళ్ళకు నిజం చెప్పి సంతకం పెట్టాను. నువ్వు అబద్ధం చెప్పి సంతకం పెట్టావు. చెన్నైలో ఇచ్చిన కాగితాలు ఆడనే ఉండవు. అవి ఇదే ఊరికి, ఇదే ఆఫీసుకు, ఆ ఆఫీసరమ్మ బల్ల మీదికే వస్తాయి. మేము మోసగాళ్ళమని మనమే రాసిచ్చినట్టైంది.

వెంటనే చెన్నై పో. భయంతో తప్పు రాశాను, ఏజెంటు మాట విన్నాను అని వాళ్ళకు చెప్పు. కాగితాలు వెనక్కి తీసుకో. నీకు దణ్ణం పెడతాను, ఈ ఒక్కసారి నీ తెలివి వాడకుండా నేను చెప్పినట్టు చెయ్యి.

సుష్మ


పుంగనూరు,
26 డిసెంబరు 2001

సుష్మా,

నీ రెండు ఉత్తరాలూ అందాయి. ఆదివారం బూత్‌లో నువ్వు అరిచిన అరుపు అక్కకు కూడా వినిపించింది. ఏమిరా అని అడిగితే, లైను బాగలేదు అందుకే అరుస్తాంది అన్నాను.

నన్ను అడగకుండా ఆ ఆఫీసులో చెప్పింది నువ్వు. అది నా చుట్టరికం కూడా కదా? చెప్పే ముందు మామకొక మాట రాస్తామని నీకు అనిపించలేదు. నిన్ను అడగకుండా రాసింది నేను. నాదీ తప్పే. అయితే నేను భయపడింది నీ కార్డు కోసం. ఇద్దరమూ ఒకరి కోసం ఒకరు పని చేసి, ఇద్దరి కొంపా తగలబెట్టుకున్నాము. ఇంక ఎవరిది ఎక్కువ తప్పు అని లెక్క తీసి లాభం లేదు.

బెంగళూరు పోయి రామచంద్రను పట్టుకున్నాను. "ఒకసారి ఇచ్చినంక మార్చితే జన్మంతా రానీరప్పా. గమ్మునుండు, వాళ్ళకేమీ తెలీదు," అన్నాడు. ఆయన మాట మీద నమ్మకం పోయింది గానీ, చెన్నై పోవడానికి ధైర్యం కూడా రాలేదు. బస్టాండు దాకా పోయి వెనక్కి వచ్చాను. పిరికివాడినని తిట్టుకో.

ఇంకొక ముల్లు ఉంది. పెద్దమ్మ గుడుపల్లెలో ఇంటింటికీ పోయి, "నా కొడుకు జర్మనీ పోతాండాడు" అని చెప్పుకుంటోంది. మొన్న బస్సులో నా కోసం రాగిపిండి, చింతపండు, ఒక ఉన్ని శాలువా పంపింది. ఆడ చలి ఎక్కువని ఎవరో చెప్పినారంట. పుంగనూరులో కడుపు నింపింది అక్క. కుప్పంలో ఐదేళ్ళు ఆకలి తెలియకుండా చూసింది పెద్దమ్మ. ఇప్పుడు ఆమె దగ్గరికి పోయి, నువ్వు నాకు అమ్మవు కాదు, ఆ కాగితం రద్దు అని ఏ నోటితో చెప్పేది?

సుప్రియ పుట్టినరోజుకు నువ్వు పంపిన ఎర్ర కోటు తొడుక్కొని, ఉక్కపోసినా విప్పలేదు.

మామ


స్టుట్‌గార్ట్,
20 జనవరి 2002

మామకు,

అనుకున్నదే జరిగింది. గురువారం నన్ను పిలిపించారు.

ఆఫీసరమ్మతో పాటు ఈసారి ఇంకొకాయన కూర్చున్నాడు. నా కాగితం ఒక పక్క, నీ కాగితం ఒక పక్క పెట్టారు. నేను మేనమామ అన్నాను. నువ్వు ఏమీ కానన్నావు. తల్లి పేరు నేను చెప్పిందొకటి, నువ్వు రాసిందొకటి. ఆయన చాలా మర్యాదగానే మాట్లాడాడు. వాళ్ళ అనుమానం ఏమిటో తెలుసా? మన బంధుత్వం వాళ్ళకు సమస్యే కాదు. నువ్వు నిజంగా నా మేనమామవే అయి ఉంటావని, భర్తవి మాత్రం కావని. సొంత మామను ఈ దేశానికి తెచ్చుకోవడానికి పెళ్ళి సర్టిఫికెట్ పుట్టించానని. అందుకే మీరు బంధుత్వాన్ని దాచారు అన్నాడు.

తర్వాత అడిగిన ప్రశ్నలు రాయడానికి చెయ్యి రావడం లేదు. ఇద్దరూ ఒక గదిలో పడుకునేవారా? సుప్రియ తండ్రి ఎవరు? పెళ్ళిరోజు నువ్వు ఏ రంగు బట్టలు కట్టుకున్నావు? ఆ రోజు భోజనాల దగ్గర నలుగురు ఫోర్కులు కింద పెట్టినందుకే కుమిలిపోయాను. ఆ బాధ ఇప్పుడు నాకు చిన్నపిల్లల ఏడుపులా అనిపిస్తోంది.

మన వైపు విచారించడానికి చెన్నైనుంచి ఒక లాయరును పంపిస్తారు. ఆయన రాసిచ్చేదే మనకు ఆఖరు. పెళ్ళి నిజమని తేలకపోతే నీకూ సుప్రియకూ వీసా రాదు. దొంగ పెళ్ళి చూపించానని నా అనుమతి తీసేస్తారు. ఉద్యోగమూ పోతుంది. మళ్ళీ ఎప్పుడూ రానివ్వరు. నేను దాక్కుని రాసింది ఒక్క మాట, దగ్గర ఊరివాళ్ళం అని. దాని నుంచి ఇంత దూరం వచ్చింది.

మామా, ఎవరికీ ఏమీ నేర్పించొద్దు. అమ్మను అమ్మ మాటలే చెప్పనివ్వు. పెళ్ళి ఆల్బమ్ దగ్గర పెట్టుకో. కెంపమ్మవ్వ దగ్గరికి నువ్వే పోయి చెప్పు, ఆయన రాకముందే పో. ఆమె చెడ్డది కాదు, అర్థం చేసుకుంటుంది. నీ మీద నాకున్న కోపం తర్వాత తీర్చుకుంటాను. ఇప్పుడు నాకు నువ్వు కావాలి.

సుష్మ


పుంగనూరు,
11 ఫిబ్రవరి 2002

సుష్మా,

ఆయన వచ్చి పోయాడు. జరిగింది జరిగినట్టు రాస్తాను, తిట్టకుండా చివరిదాకా చదువు.

నీ ఉత్తరం అందినరోజే అక్కను కూర్చోబెట్టి అంతా చెప్పాను. ఆమె నన్ను కొట్టలేదు, అదొక్కటే తక్కువ. "నేను నీకు ఏమీ కానని రాస్తివా? నా ముందర కూర్చొని అన్నం ఎట్ల తింటివిరా ఇన్నాళ్ళు?" అంది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. గుడుపల్లె పోవాలని రెండుసార్లు కుప్పం బస్సెక్కాను. రెండుసార్లూ పలమనేరులో దిగి వెనక్కి వచ్చాను. ఎల్లుండి పోతాను, ఎల్లుండి పోతాను అనుకుంటుండగానే పోయిన బుధవారం పొద్దున అద్దె కారు వచ్చి షాపు ముందర ఆగింది.

లాయరు పెద్దమనిషే. తమిళం కలిసిన తెలుగు. ఇంటికి తీసుకుపోయాను. అక్క ఆల్బమ్ తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది. "ఈడ సూడు సామీ. కాళ్ళు కడిగేది నేను, కడిగించుకునేది నా తమ్ముడు. తోడబుట్టినోని కాళ్ళు కడుగుతాండానని ఆ పొద్దు మా ఆయనే నవ్వినాడు," అంది. ఆయన కూడా నవ్వాడు. వాళ్ళ అమ్మానాన్నలదీ ఇదే సంబంధమంట. సుప్రియను పిలిచి, నీ తండ్రి ఎవరమ్మా అన్నాడు. అది నా కాలు వెనక దాక్కొని నా ప్యాంటు లాగి చూపించింది. పక్కింటి వాళ్ళిద్దరిని విడిగా అడిగాడు. అన్నీ రాసుకున్నాడు.

తర్వాత నా వైపు తిరిగి, మరి ఇదెందుకు రాస్తివి అన్నాడు. భయం సార్ అన్నాను. "సరే. ఈ కాగితం మీద వేలిముద్ర వేసినామెను కూడా చూడాలి. నువ్వూ రా," అన్నాడు.

అదే కారులో గుడుపల్లె పోయాము. పెద్దమ్మ వాకిట్లో కూర్చొని శెనక్కాయలు ఒలుస్తాంది. కారు చూసి లేచి, కొంగు సవరించుకొని, జర్మనీ వాళ్ళే వచ్చినారనుకునింది. నేను ఆమెకు ఏమీ చెప్పలేదు కదా. చెప్పి ఉంటే ఈ ఉత్తరంలో ఈ ముక్క ఉండేది కాదు.

మునిరాజ నీకేమవుతాడమ్మా అని ఆయన అడిగాడు. "నా కొడుకు," అంది. కన్నకొడుకా అన్నాడు. "కనకుండా కొడుకు యాడనుంచి వస్తాడప్పా? మూడు దినాలు నొప్పులు పడితిని. బయట ఒకటే వాన. మంత్రసాని పాపమ్మ నా ప్రాణమింక దక్కదనింది. ఎవురినైనా అడుగు," అని మొదలుపెట్టింది. ఏ గదిలో పడుకున్నదీ, ఏ చీర కరుచుకొని నొప్పి ఓర్చుకున్నదీ, నీళ్ళు ఎవరు కాచినదీ, అన్నీ చెప్పింది. నాకు నేర్పించే అవసరం రాలేదు, ఎవరూ నేర్పించలేదు కూడా. లాయరు రాసుకుంటూనే ఉన్నాడు. ఆమె చెప్పే తీరుకు ఎవరైనా నమ్మేస్తారు. నమ్మితే అక్క చెప్పింది అబద్ధమవుతుంది, నువ్వు చెప్పింది అబద్ధమవుతుంది.

ఆయన కలం ఆపి నన్ను చూశాడు. "ఇది నిజమేనా? ఆమె ముందరే చెప్పు. రెండు మాటలూ నా రిపోర్టులో పోతే మీ ఆడమనిషి కేసు అంతటితో సరి," అన్నాడు.

నేల వైపు చూస్తూ చెప్పాను. "ఆయమ్మ నన్ను కనలేదు సార్. మా పెద్దమ్మ."

పెద్దమ్మ చేతిలో ఉన్న రెండు కాయలు ఒలిచి చేటలో వేసింది. ఆ తర్వాత, "వాడు సెప్పిందే రాసుకోప్పా. నాకు బిడ్డల్లేరు," అంది.

మరి మూడు రోజుల నొప్పులన్నావే అన్నాడు లాయరు.

"అవి నిజమే సామీ. బిడ్డ బతకలేదు," అంది.

ఆయన కాగితం ముందు పెడితే వేలిముద్ర వేసింది. చదివి చెబుతానంటే వద్దంది. నేను కారెక్కేటప్పుడు లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది. ముప్పై ఆరేళ్ళ వయసులో నేను ఇన్నేసి తప్పులు ఒక్క సంవత్సరంలో చేయగలనని అనుకోలేదు.

నీ కేసు ఏమవుతుందో రాయి. ఇంక నాకు వేరే ఆలోచన లేదు.

మామ


స్టుట్‌గార్ట్,
17 మార్చి 2002

మామకు,

ఆఫీసరమ్మ రిపోర్టు ముందు పెట్టుకొని నాకు ఇంగ్లీషులో చెప్పింది. పెళ్ళి నిజమని ఒప్పుకున్నారు. నా అనుమతి ఉంటుంది. ఉద్యోగమూ ఉంటుంది. ఈ మాట విని ఊపిరి తీసుకునేలోపలే తక్కినది చెప్పింది.

అబద్ధపు నోటరీ కాగితం ఇచ్చినందుకు నీ దరఖాస్తు కొట్టేశారు. మళ్ళీ పెట్టుకోవచ్చు, నిజమైన కాగితాలతో. కానీ ఈ పాత ఫైలు కూడా దాని పక్కన పెట్టే చూస్తారంట, ఏడాదో రెండేళ్ళో పట్టవచ్చు, ఇస్తారని ఆమె మాట ఇవ్వలేనంది. సుప్రియ కాగితాల్లో తప్పు లేదు. దానికి వీసా ఇస్తారు. అది ఒక్కటే రావచ్చు.

రిపోర్టు మూసేముందు ఆమె ఒక ప్రశ్న అడిగింది, ఫారంలో లేని ప్రశ్న. "ఆ పెద్దావిడ అంత బాగా చెప్పి, అతను ఒక్క మాట అనగానే ఎందుకు వెనక్కి తీసుకుంది?" అని. అతని మీద ప్రేమ అన్నాను. ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

ఇప్పుడు నీ నిర్ణయం. ఏప్రిల్ 20న పది రోజుల సెలవు మీద వస్తాను. నువ్వు ఒప్పుకుంటే సుప్రియను తీసుకొస్తాను. ఒప్పుకోకపోతే ఈ ఉద్యోగం వదిలేసి మదనపల్లెలో పిల్లలకు కంప్యూటర్ నేర్పుకుంటూ బతుకుతాను. కోపంతో రాయడం లేదు, నిజంగానే అడుగుతున్నాను. బిడ్డను నీ దగ్గరనుంచి లాక్కునే హక్కు నాకుందా అని రోజూ అనుకుంటున్నాను. నువ్వు వద్దంటే వద్దు.

ఆఫీసులో ఇప్పుడు ఎవరడిగినా మా మామే నా మొగుడు అని చెబుతున్నాను. ఫోర్కులు దింపితే దింపుకోనీ.

సుష్మ


గుడుపల్లె,
2 ఏప్రిల్ 2002

సుష్మా,

సుప్రియను తీసుకుపో. ఇది త్యాగం కాదు, మూతి ముడుచుకొని తిరగను, కాబట్టి ఆ తిట్టు వాడుకోవద్దు. ఎనిమిది నెలలుగా అది నిన్ను ఫోన్లో పంచుకునింది, అది చాలు. అక్కకు చెప్పాను. ఏడ్చింది, మళ్ళీ లేచి దానికి చలికి తొడిగే బట్టలు ఏవేవి కావాలో నన్ను అడిగింది. నేనూ ఏడ్చాను. షాపులో మోటారు ముందర పెట్టుకొని ఏడ్చాను, తీగ ఎన్ని చుట్లు చుట్టానో మరిచిపోయి మొత్తం విప్పి మళ్ళీ చుట్టాల్సి వచ్చింది. అది లేని ఇంట్లో పొద్దున ఎట్లా లేస్తానో నాకు తెలియదు. అయినా ఉద్యోగం వదలొద్దు. ఇంత రొచ్చు పడి నిలబెట్టుకున్న అనుమతిని నా కోసం పారేస్తే, నేను జన్మంతా నీ ముఖం చూడలేను. నేను మళ్ళీ పెట్టుకుంటాను. తల్లి పేరు అనే చోట మా అమ్మ పేరే రాస్తాను, బంధుత్వం అనే చోట మేనమామ అని రాస్తాను. ఏడాది పట్టనీ, రెండేళ్ళు పట్టనీ.

గుడుపల్లెనుంచి రాస్తున్నానని చూశావు కదా. ఈసారి పలమనేరులో దిగలేదు. వాకిట్లో నిలబడి, తప్పు చేశాను పెద్దమ్మా అన్నాను. లోపలికి రమ్మనింది. కాళ్ళు కడుక్కోమనింది. సంగటి, శెనక్కాయ చట్నీ పెట్టింది. సుప్రియ పోతాందని, నాకు మాత్రం రాలేదని చెప్పాను. ఎందుకు రాలేదని అడిగింది. ఆ నోటరీ కాగితం వల్లనే అని చెప్పేశాను, ఇంక ఏదీ దాచే ఓపిక నాలో లేదు.

చట్నీ గిన్నె నా దగ్గరికి జరిపింది.

"ఆ కాగితాన్ని సించేసినారా?" అని అడిగింది.

"లేదు పెద్దమ్మా. వాళ్ళు ఏ కాగితమూ సించరంట. నా ఫైల్లోనే పెట్టి ఉంటారంట. నేను మళ్ళీ అడిగినప్పుడల్లా దాన్ని తీసి సూస్తారంట."

"నా ఏలిముద్ర?"

"అదీ ఉంటాది."

నాకు అడ్డం పడేది ఆ కాగితమేనని ఆమెకు తెలుసు. నేను ఇప్పుడే చెప్పాను కదా. అయినా, "ఉండనీలేప్పా," అంది. ఇంకొక ముద్ద సంగటి నా పళ్ళెంలో పెట్టింది. కాదనకుండా తిన్నాను.

20న చెన్నైలో విమానం దిగేచోట సుప్రియను ఎత్తుకొని నిలబడి ఉంటాను.

మామ